మంగళవారము – మన విరామదినము



మహాసభల సందర్భమున వెలువడు ఈ సంచికకు వ్యాసమొకటి వ్రాయుమని కార్యనిర్వాహకులు కోరినప్పుడు ఏ విషయమును గైకొందునా యని కొంత తడవు ఆలోచించితిని. మన నాయీబ్రాహ్మణకులపు ప్రాచీనతను గూర్చియు, వైద్యవిద్యను గూర్చియు, మంగళవాద్యకళను గూర్చియు పెద్దలు పలుమారులు వ్రాసియున్నారు. నేను వ్రాయబూనినది అంతకంటె చిన్న విషయము. అయినను ప్రతివారమును మన గడప త్రొక్కి వచ్చునది. అదియే మంగళవారము.

దీనిని గూర్చి వ్రాయుటకు కారణము కలదు. పట్టణములలో దుకాణములు నడుపుకొనుచున్న మన యువకులు నన్ను తరచుగా నొక ప్రశ్న అడుగుచున్నారు. "మాస్టారూ! పెద్ద సెలూన్లు ఏడు దినములును తెరచియే యుండుచున్నవి. మంగళవారము క్షౌరము కూడదను పట్టింపు జనులలో నానాటికి సడలుచున్నది. మనము మాత్రము తలుపులు మూసికొని ఒకదినపు రాబడి నేల పోగొట్టుకొనవలయును?" ఇది వారి ప్రశ్న. ఆ యింటనే తండ్రి, "మంగళవారము కత్తి పట్టినచో కుజుడు కోపించును, మన పెద్దలు ఊరక చెప్పిరా?" యని గద్దించును. ఒకరికి రాబడి కనబడుచున్నది, ఒకరికి గ్రహము కనబడుచున్నది. ఈ వాదమున ఇరువురును ముఖ్యమైన సంగతి నొకదానిని మరచుచున్నారని నాకు తోచినది. దానిని చెప్పుటకు ముందు ఈ దినము మనకెట్లు వచ్చినదో, దీనికి ఈ భయమెట్లు అంటుకొన్నదో విచారింపవలయును.

పేరులోని వింత

మంగళవారమునకు గల పేరులన్నియు గ్రహము పేరులే. భూమికి పుట్టినవాడు గావున కుజుడు, భౌముడు, మహీసుతుడు. ఎఱ్ఱనివాడు గావున లోహితాంగుడు. నిప్పుకణిక వలె మెఱయువాడు గావున అంగారకుడు. ఇరువదియాఱు మాసముల కొకమారు వెనుకకు నడచినట్లు ఆకాశమున కనబడును గావున వక్రుడు. సంకల్పము చెప్పు పురోహితుడు భౌమవాసర మనును. అరవమున దీనిని 'సెవ్వాయ్' అందురు. దానియందును ఎఱుపే అర్థము. మన తెలుగువారు కొందరు జయవారమని పలుకుదురు.

ఈ పేరులలో వింతయైనది 'మంగళ' శబ్దమే. జ్యోతిషమున కుజుడు పాపగ్రహము. రక్తమునకును, అగ్నికిని, ఆయుధమునకును, కలహమునకును అధిపతి. అట్టివానికి శుభమను అర్థముగల పేరెట్లు కలిగెను? భయపెట్టుదానిని మంచిపేరుతో పిలిచి శాంతింపజేయుట మన భాషలకు సహజము. వేదమున ఉగ్రుడై కనబడు రుద్రుడే శివుడయ్యెను. శివమనగా మంగళమే కదా. దీపమారినదనక కొండెక్కినదందుము. మశూచి సోకినప్పుడు అమ్మవారు పోసినదనిరి. ఆ వ్యాధి లోకమునుండి సమూలముగ తొలగినదని 1980లో ప్రకటింపబడినను ఆ మాట మాత్రము నేటికిని నిలిచియున్నది. అట్లే ఉగ్రగ్రహమునకు మంగళుడని పేరిడిరి. పేరు మార్చినంతమాత్రమున భయము పోలేదు.

మన కులమునకు లోకము పెట్టిన పాతపేరును ఈ మంగళశబ్దమునుండి కలిగినదే. వివాహమున మంగళవాద్యము మ్రోయించువాడు, చౌలోపనయనములందు మంగళక్షౌరము చేయువాడు అని దాని అర్థము. ఆ మాటనే తిట్టుగ వాడినవారు కలరు, నేడును లేకపోలేదు. దినమునకు మంగళమని పేరిడి దానికి భయపడిరి. మనుష్యునికి ఆ పేరే యిడి వానిని దూరముంచిరి. ఈ రెండు చరిత్రములకును గల పోలిక నాకు బాల్యమునుండియు తెలిసినదే. దానిని ముందు చెప్పెదను.

వారములు ఎప్పుడు వచ్చినవి?

మంగళవార నియమములు వేదకాలమునుండియు నున్నవని నమ్మువారు పెక్కుమంది. శాస్త్రములను తిరుగవేసి చూచినచో ఇది నిలువదు. వైదికకర్మలకు తిథియు నక్షత్రమును ప్రధానములు. గృహ్యసూత్రములు చౌలమును చెప్పునప్పుడు ఉత్తరాయణము, శుక్లపక్షము, నక్షత్రము అని నిర్దేశించునే గాని వారము ప్రసక్తి తేవు. అథర్వవేదమందలి చౌలసూక్తమున సవితృదేవుడే క్షురమును చేబూని వచ్చును. వాయువు వేడినీరు తెచ్చును. దేవతలే మన పనికి పూనుకొన్న ఆ ఘట్టమున అది ఏ వారమని అడిగినవారు లేరు.

వైద్యశాస్త్రము నైనను చూడుడు. చరకసంహిత స్వస్థవృత్తమున కేశములను, శ్మశ్రువులను, గోళ్ళను పక్షమునకు మూడుమారులు తీయించుకొనవలెనని విధించినది. సుశ్రుతుడు క్షౌరమువలన ఉల్లాసము, దేహలాఘవము, ఉత్సాహము కలుగునని చెప్పెను. పక్షమునకు మూడుమారు లనగా అయిదు దినముల కొకమారు. ఈ లెక్కను పాటించువానికి ముప్పదియైదు దినములలో ఒక క్షౌరము మంగళవారమున పడక తప్పదు. ఆ ఋషులకు మంగళవారదోషము తెలిసియున్నచో ఇట్టి విధిని చెప్పియుందురా?

ఏడు వారములు గ్రహముల పేరులతో మన దేశమున వ్యాప్తికి వచ్చినది క్రీస్తుశకపు తొలి శతాబ్దములలో. తేదీతోబాటు వారమును గూడ చెప్పు ప్రాచీన శాసనములలో ప్రసిద్ధమైనది మధ్యప్రదేశమందలి ఏరణ్ శాసనము. గుప్తచక్రవర్తి బుధగుప్తుని కాలమున, గుప్తశకము 165వ సంవత్సరమున, అనగా క్రీ.శ. 484లో, ఆషాఢ శుక్ల ద్వాదశీ గురువారమున అది వ్రాయబడెను. అటుపిమ్మట పదునైదేండ్లకు, 499లో, ఆర్యభటుడు తన గ్రంథమున వారముల క్రమమునకు గణితహేతువును చెప్పెను.

ఆ హేతువు సులభమైనది. పాఠశాలలో పిల్లలకు నేనెన్నోమారులు చెప్పితిని. గ్రహములను నడక మందమైనవానినుండి వేగమైనవానివరకు వరుసగ నుంచినచో శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అగును. దినమునకు ఇరువదినాలుగు హోరలు. ఒక్కొక్క హోరకు ఒక్కొక్క గ్రహము ఈ వరుసలోనే అధిపతి. సూర్యోదయపు హోర కెవడధిపతియో ఆ దినము వానిది. ఇరువదినాలుగును ఏడుచే భాగింప శేషము మూడు. కావున ప్రతిదినమును అధిపతి మూడు స్థానములు ముందుకు జరుగును. రవినుండి శుక్రుని, బుధుని దాటి మూడవవాడు చంద్రుడు: అది సోమవారము. చంద్రునినుండి శనిని, గురుని దాటి మూడవవాడు కుజుడు: అది మంగళవారము. భాగహారమున మిగిలిన మూడు అను శేషమే సోమవారము తరువాతి దినమును కుజునికిచ్చినది. ఇందు కోపమునకుగాని శాపమునకుగాని తావెక్కడ?

ఈ భయము మనకే పరిమితమైనదియు కాదు. రోమకులు ఈ దినమును తమ యుద్ధదేవతయైన మార్స్ పేర పిలిచిరి. ఇంగ్లీషువారి ట్యూజ్‌డే కూడ తీవ్ అను యుద్ధదేవత పేరే. స్పెయిను దేశస్థులు మంగళవారమున పెండ్లియాడవద్దు, ఓడ నెక్కవద్దు అని సామెత చెప్పుకొందురు. గ్రీకులకు ఈ దినము చెడ్డది. 1453 మే 29వ తేదీన, మంగళవారమునాడు, కాన్‌స్టాంటినోపిలు నగరము తురుష్కుల వశమైనదని వారు నేటికిని తలచుకొందురు. కత్తి పట్టినవాడు దేవుడైన దినమున కత్తికి భయపడుట అన్ని జాతులకును కలిగినది. మన దేశమున ఆ భయమునకు లోబడినది వాని కత్తియుగాదు, యోధుని కత్తియుగాదు. మన పొదిలోని మంగలకత్తి.

తెలుగునాట మంగళవారము

మన తెలుగుపల్లెలలో ఈ దినమునకు చెప్పు నిషేధములు పెక్కు. మంగళవారము అప్పీయరాదు. ఆడపడుచును అత్తవారింటికి పంపరాదు. క్రొత్తపని మొదలుపెట్టరాదు. వైద్యునికడకు పోయినచో 'మారు' కోరునని, అనగా మరియొకమారు పోవలసివచ్చునని కొందరందురు. గోళ్ళు తీయరాదు, తల దువ్వి వెండ్రుకలు బయట పడవేయరాదు. జాతకమున కుజుడు రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పండ్రెండు స్థానములలో నున్నచో దోషమని పెండ్లిసంబంధములు తప్పించుకొందురు. పండ్రెండు స్థానములలో అయిదు దోషస్థానములే యైనచో దోషములేని కన్య లెందరు మిగులుదురో పెద్దలు ఒకమారైనను లెక్క వేసినట్లు కానరాదు.

ఆ పల్లెలలోనే ఈ దినమునకు మరియొక ముఖము కలదు. క్రొత్తగా పెండ్లియైన ఆడపిల్లలు శ్రావణమాసపు మంగళవారములందు అయిదేండ్లు మంగళగౌరీవ్రతము చేసి ముత్తైదువలకు వాయనమిత్తురు. సౌభాగ్యమును కోరు నోమునకు మంగళవారమే తగినదయ్యెను. విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము విజయదశమి వెళ్ళిన తరువాతి మంగళవారమునాడే జరుగును; లక్షలాది జనము గుమిగూడుదురు. ఆంజనేయునికిని, సుబ్రహ్మణ్యునికిని, దుర్గకును ఈ దినము ప్రీతికరము.

బేరసారముల సంగతియు నిట్టిదే. రాజమహేంద్రవరమున మంగళవారపుపేట కలదు. మహారాష్ట్రమున పుణ్యనగరమందును మంగళవారపేట కలదు. సంత కూడు దినములను బట్టి ఊళ్ళకును పేటలకును ఇట్టి పేరులు కలుగుట మనమెఱిగినదే. మంగళవారము ఇంటినుండి రూక వెలుపలికి పోరాదని చెప్పిన జనులే సంతకు వచ్చినప్పుడు ముడుపు విప్పి పప్పు, ఉప్పు, చింతపండు కొనిరి. అవసరమున్నచోట వారదోషము అడ్డుపడలేదు. ఎక్కడ ఎదుటివాడు బలహీనుడో, ఎక్కడ మానివేసినను తమకు పెద్దనష్టము లేదో, అక్కడ మాత్రము దోషము గట్టిగ నిలిచినది. దీనిని పాఠకులు గమనింపవలయును.

క్షౌరనిషేధపు లెక్క

ఇక మనకు ప్రధానమైన నిషేధము. మధ్యకాలపు ధర్మశాస్త్రసంగ్రహములందు, ముహూర్తగ్రంథములందు ఒక ఫలశ్రుతి కనబడును. దాని సారాంశ మిది: ఆదివారము క్షౌరము చేయించుకొన్నవానికి ఆయువు ఒక మాసము తగ్గును. శనివారమైన ఏడు మాసములు, మంగళవారమైన ఎనిమిది మాసములు తగ్గును. బుధవారమైన అయిదు మాసములు, సోమవారమైన ఏడు, గురువారమైన పది, శుక్రవారమైన పదునొకండు మాసములు పెరుగును.

గణితము చెప్పి బ్రదికినవాడను గావున దీనిని కూడి చూచితిని. తగ్గు మాసములు ఒకటి, ఏడు, ఎనిమిది, మొత్తము పదునాఱు. పెరుగు మాసములు అయిదు, ఏడు, పది, పదునొకండు, మొత్తము ముప్పదిమూడు. ప్రతిదినము గడ్డము గీయించుకొనువానికి వారము తిరుగునప్పటికి పదునేడు మాసముల ఆయువు మిగులును! ఈ లెక్క నిజమైనచో నేటి ఉద్యోగస్థులలో ఒక్కరికైనను మరణము ఉండరాదు. ఈ సంఖ్యలు భక్షకరక్షక భావమున చెప్పిన అర్థవాదములే గాని ఆయుర్గణితము కాదని విజ్ఞులు గ్రహింతురు.

ఇంకొక విశేషము. ఆ ముహూర్తగ్రంథములే మినహాయింపులను గూడ చెప్పినవి. రాజాజ్ఞ యైనచో, బ్రాహ్మణుని అనుమతి యున్నచో, వివాహమున, మృతాశౌచమున, చెఱనుండి విడుదలయైనప్పుడు, యజ్ఞదీక్షయందు ఏ దినమైనను క్షౌరము చేయవచ్చునట. అనగా రాజు పిలిచినను, చావు పిలిచినను కుజుడు కోపింపడు. మనకు మంగళవారము సెలవని లోకము చెప్పినది నిజమే. ఆ సెలవునాడు ఏ యింట దశాహము వచ్చినను పొది భుజమున వేసికొని ఏటిగట్టునకు పోయినవాడు మనవాడే. నిషేధము గిరాకీకి మాత్రమే, పిలుపునకు లేదు.

తిరుమలక్షేత్రము నీ సందర్భమున తలపవలయును. అచ్చటి కల్యాణకట్టలో తలనీలాల సమర్పణ ఆదివారమని, మంగళవారమని ఆగదు; పగలు రాత్రి భేదము లేక జరుగును. కోట్లాది భక్తులు అన్ని వారములందును శిరస్సు వంచి మనవారి ఎదుట కూర్చుండిరి. ఆ దేవదేవుని సన్నిధిని లేని దోషము మన వీధి దుకాణములో నెట్లు పుట్టును? కల్యాణమనగా మంగళమే యని వేరుగ చెప్ప నక్కఱలేదు.

మా యింటి మంగళవారము

ఇంతవరకు గ్రంథముల మాట. ఇక స్వానుభవము కొంత చెప్పక తప్పదు.

నా చిన్ననాట, అనగా 1960 తరువాతి దశకమున, మా నాయనగారు పల్లెలో మేర మీద బ్రదికినవారు. పంట కాలమున కళ్ళమునకు పోయి గింజలు తెచ్చుకొనుట, ఏడాది పొడుగున ఇంటింటికి పోయి పనిచేయుట. ఒకనాటి యుదయమున ఒక పెద్దరైతు వ్యాజ్యము పనిమీద పట్టణమునకు బండి కట్టించుకొని బయలుదేఱెను. వీధి మలుపున మా నాయనగారు పొదితో ఎదురైరి. వెనుక నేనుంటిని. ఆ రైతు బండి నాపించి, మాటాడక, వెనుకకు త్రిప్పించి ఇంటికి పోయి కాళ్ళు కడుగుకొని, కొంతసేపు కూర్చుండి మరల బయలుదేఱెను. మా నాయనగారు నన్ను చేయిపట్టి సందులోనికి లాగి, బండి పోవువఱకు గోడ వైపు తిరిగి నిలిచిరి. అది గురువారము. మంగళవారమైనను కాదు.

ఆ నెలలోనే ఆ రైతుబిడ్డ పెండ్లి. మా నాయనగారు సన్నాయి నోట పెట్టి గట్టిమేళము వాయించువఱకు తాళి కట్టరాదని పురోహితుడు వేచియుండెను. "వాద్యము కానిండు, వాద్యము!" అని ఆ రైతే కేకలు వేసెను. ఆ రాత్రి భోజనమునకు మేము కడపటి పంక్తిలో కూర్చుంటిమి. ఎదురైన అమంగళము, వాయించిన మంగళము; రెండు చేసినవాడును ఒక్కడే. అప్పటికి నాకీ మాట చెప్పుటకు నోరు లేదు. ఇప్పుడు వ్రాయుచున్నాను.

వారమున ఆఱు దినములు ఇట్లు గడచినవానికి ఏడవది మంగళవారము. ఆ దినము పొది చిలుకకొయ్యకు వ్రేలాడుచుండెను. ఉదయమున మా నాయనగారు కత్తులను సానపట్టి, తోలుపట్టీ మీద దువ్వి, నహరణిని నూనెగుడ్డతో తుడిచి వరుసగ పెట్టుకొనెడివారు. పిమ్మట శొంఠి, పిప్పళ్ళు, మిరియములు నూఱి మా తాతలనాటి చూర్ణములు కట్టెడివారు. ఊరివారి సెగగడ్డలకును బెణుకులకును మందు వెళ్ళినది మా యింటినుండియే. సాయంకాలమున సన్నాయి సాధకము. నా అన్నకు డోలు నడక పట్టుపడినది మంగళవారపు సాయంకాలములందే.

నాకు సంస్కృతము అబ్బినదియు మంగళవారముననే. మూడుమైళ్ళ దూరమున నున్న ఒక పండితుల అరుగుకడకు నన్ను నడిపించుకొని పోవుటకు మా నాయనగారికి తీరిక చిక్కిన దినము అదియొక్కటే. విద్యారంభమునకు మంగళవారము తగదని అచ్చట కూర్చున్న వారెవరో ఆక్షేపించిరి. పండితులవారు నవ్వి, "అమరమున కుజునికిని పేరులున్నవి. ఆయన దినమున ఆయన పేరు చదివినచో ఆయన కేల కోపము?" అని నన్ను అరుగుమీద కూర్చుండబెట్టిరి. ఆ మహనీయుని ఋణము తీరునది కాదు.

కావున నేను మంగళవారమును దూషింపజాలను. లోకము భయముచేత మనకడకు రాని దినమున మన పూర్వులు చేతులు ముడుచుకొని యుండలేదు. ఆ ఖాళీదినమున పనిముట్టును బాగుచేసికొనిరి, విద్యను బిడ్డలకు దాటించిరి, నడుము వాల్చిరి. క్షౌరము, వైద్యము, వాద్యము అను మూడు విద్యలలో రెండు మన యిండ్లలో మంగళవారమున బ్రదికినవి. మూఢవిశ్వాసము మూసిన తలుపు వెనుక మన పెద్దలు విశ్రాంతిని, విద్యను కాపాడుకొనిరి. యువకులును వారి తండ్రులును మరచుచున్నారని మొదట నేను చెప్పిన సంగతి ఇదియే.

విరామము హక్కు, దోషము కాదు

వారమునకొక దినము విశ్రాంతి యనునది పనివానికి ఎవరును ఊరక ఇచ్చినది కాదు. 1890లో బొంబాయి మిల్లు పనివారికి ఆదివారపు సెలవు లభించినది. అందుకై పాటుపడినవాడు జ్యోతిరావు ఫూలే శిష్యవర్గములోని నారాయణ్ మేఘాజీ లోఖండే. ఆ మహాశయుడే ఆ కాలమున మహారాష్ట్రమందలి క్షురకసోదరులను కూడగట్టి, వితంతువులకు బలాత్కారముగ శిరోముండనము చేయుపనికి మేము పోమని వారిచేత చెప్పించెను. చదువరులారా, ఇది మరువరాని సంగతి. ఒక స్త్రీ కన్నీరు కార్చుచుండ ఆమె తలపై కత్తి పెట్టుటకు మనవారు నిరాకరించిరి. అది కుజభయముచేత గాదు, మనస్సాక్షిచేత. పని మానుట యనునది ఎప్పుడు గౌరవమగునో ఆ క్షురకులు మనకు చూపిరి.

1921లో జెనీవా నగరమున అంతర్జాతీయ కార్మికసంస్థ వారమునకొక విరామదినము ఉండవలెనని ఒడంబడిక చేసినది. 1942లో మన దేశమున వారపు సెలవుల చట్టము వచ్చినది. 1947 నాటి మదరాసు దుకాణముల చట్టము వారమునకొక దినము దుకాణము మూయవలెనని, పనివానికి పూర్తిగా ఒకదినము సెలవీయవలెనని శాసించెను. ఆంధ్రప్రదేశమున 1988లో ఇట్టి చట్టమే వచ్చినది. చట్టములు చేసినవారు దీనికి గ్రహమును సాక్షి పిలువలేదు. ఉదయమునుండి రాత్రివఱకు నిలువుకాళ్ళమీద నుండువాని పిక్కల నొప్పియు, మెడ వంచి చూచువాని కన్నుల మంటయు, ఆదివారమున అందరి పిల్లలు తండ్రులతో నుండగా తన తండ్రి దుకాణములో నుండు బిడ్డ మొగమును చాలును సాక్ష్యము. లోకమునకు సెలవైన ఆదివారమే మనకు పని హెచ్చు. మనకు విరామము వేఱొక దినమున కావలసియే యున్నది.

యువకులకు నా సమాధానము ఇది. మంగళవారము తలుపు తెరచినందున కుజుడు కోపింపడు. ఆ భయమును నేడే విడువుడు. ఎవరైన అవసరముండి వచ్చినచో, ఉద్యోగమునకు పోవలసిన కుఱ్ఱవాడో, వైద్యశాలకు పోవలసిన రోగియో వచ్చినచో, "ఈ దినము చేయరాదు" అనకుడు, "ఈ దినము మాకు విశ్రాంతి" అనుడు, తప్పనిదైనచో చేసిపెట్టుడు. రెండు మాటలకు గల భేదము చిన్నది కాదు. మొదటిది మన వృత్తికి దోషమున్నదని ఒప్పుకొనుట. రెండవది మనకు దేహమున్నదని చెప్పుట.

కాని విరామమును మాత్రము విడువకుడు. ఏడు దినములు తెరచు పెద్ద సెలూనులో పనివారు వంతులవారిగ సెలవు తీసికొందురు. మన దుకాణములో కత్తి పట్టువాడును, లెక్క చూచువాడును, నేల ఊడ్చువాడును ఒక్కడే. ఊరిలోని మన సంఘము వారందరు కూడి ఒక దినమును నిర్ణయించుకొనుడు. అది మంగళవారమే కానిండు, మరియొక దినమైనను కానిండు. అందరును ఒక్కటిగ పాటింపుడు. ఒకడు మూసి ఒకడు తెరచినచో మూసినవాడు నష్టపడును, తెరచినవాడు అలసిపోవును. పూర్వమీ కట్టుబాటును కుజుని భయము నిలిపినది. ఇకమీదట మన ఐకమత్యము నిలుపవలయును. భయముచేత సాధ్యమైనది వివేకముచేత సాధ్యము కాదందురా?

ఆ దినమున పిల్లలను చదివింపుడు. సన్నాయి తెలిసిన పెద్ద లింకను మిగిలియున్న యిండ్లలో వారియెదుట పిల్లలను కూర్చుండబెట్టుడు. తాతలనాటి మందులలో ఏది మేలో ఏది కీడో చదువుకొన్న వైద్యులచేత పరీక్షింపజేసి వ్రాసియుంచుడు. ఈ పని మరి పదేండ్లు ఆలసించినచో చెప్పువారుండరు.

కడపట ఒక్కమాట. 2013 నవంబరు 5వ తేదీన మన తెలుగునేలపై నున్న శ్రీహరికోటనుండి అంగారకగ్రహమునకు మన దేశపు యంత్రమొకటి బయలుదేఱెను. జనులు దానికి మంగళయానమని పేరిడిరి. ఆ దినము మంగళవారము. ప్రయాణమునకు పనికిరాదని పెద్దలు చెప్పిన దినమున, భయపడవలసినదని చెప్పిన గ్రహమునకే ఆ ప్రయాణము. అది తొలిప్రయత్నముననే గమ్యము చేరి 2014 సెప్టెంబరు 24వ తేదీన ఆ గ్రహమును చుట్టిరాసాగెను. ఎన్నో ఏండ్లు పనిచేసి 2022లో మౌనము వహించెను. ఆ గ్రహపు ఎఱుపు రక్తము కాదు, ఇనుముతో కూడిన మట్టికి పట్టిన త్రుప్పని శాస్త్రజ్ఞులు చెప్పియున్నారు. ఇనుపత్రుప్పును గూర్చి మనకు వేఱొకరు చెప్పవలెనా? మంగళవారమునాడు మా నాయనగారు నూనెగుడ్డతో తుడిచినది దానినే.

విజ్ఞులైన కులపెద్దలును, పోషకమహాశయులును ఈ వృద్ధోపాధ్యాయుని మాటలలో మంచి యున్నచో గైకొని, లోపమున్నచో మన్నింతురుగాక. మన విరామదినము మనకు మంగళకర మగుగాక.